అన్న ఇప్పించిన లాప్‌టాప్ మాటిమాటికీ ఆగిపోతోంది, అడగాలంటే మొహమాటంగా ఉంది

కరీంనగర్ నుంచి ఒక సోదరి వివరంగా ఉత్తరం రాశారు. ఆమె బీకాం చదివారు. పాప పుట్టాక ఉద్యోగం మానేసి, ఊళ్లో కొన్ని దుకాణాలకు ఇంటి నుంచే టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పద్దులు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసిపెడుతున్నారు. కొత్త లాప్‌టాప్ కొనేంత డబ్బు చేతిలో లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు ఓ కంప్యూటర్ షాపులో పనిచేసే పెద్దమ్మ కొడుకుని అడిగితే, ఆఫీసులు వాడి తీసేసిన లాప్‌టాప్‌ను బాగుచేసి అమ్ముతున్నామని 21 వేలకు ఒకటి ఇప్పించాడు. "ఎనిమిదో జనరేషన్ ఐ5 చెల్లీ. 8 జీబీ ర్యామ్ ఉంటే ఇంకో 8 వేయించి 16 చేశా. ఎస్‌ఎస్‌డీ కొత్తది పెట్టించా" అన్నాడు. (ఐ5 అనేది ప్రాసెసర్ పేరు. ర్యామ్ అంటే పని నడుస్తున్నంతసేపు వాడుకునే తాత్కాలిక మెమరీ, ఎస్‌ఎస్‌డీ అంటే ఫైళ్లన్నీ దాచి ఉంచే భాగం.) ఆరు నెలల వారంటీ చెప్పారు. అందులో ఇంకా నెల పైచిలుకు మిగిలి ఉంది.

తెచ్చిన కొద్దిరోజులకే ఆగిపోవడం మొదలైంది. ఒక్కోసారి మౌసు కదులుతూనే ఉంటుంది గానీ ఏది నొక్కినా తెరుచుకోదు. రెండు మూడు నిమిషాలు ఓపిక పడితే నొక్కినవన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఒక్కోసారి మాత్రం తెర ఉన్నది ఉన్నట్టే బిగుసుకుపోతుంది, మౌసు కూడా కదలదు. పాప రైమ్స్ చూస్తున్నప్పుడైతే ఆ శబ్దం "ట్ర్‌ర్‌ర్" అంటూ ఒకేచోట ఆగిపోతుంది, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సిందే. మంచం మీద ఛార్జర్ పెట్టి పనిచేస్తున్నప్పుడు ఇది ఎక్కువ. ఛార్జర్ కంపెనీది కాదు.

అన్న రెండుసార్లు ఆర్టీసీ కార్గోలో తెప్పించుకుని ఫార్మాట్ చేసి పంపాడు. రెండుసార్లూ వారం పది రోజులు బాగానే నడిచి మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి ఒక దుకాణం లెక్కలు పోతే రాత్రిళ్లు కూర్చుని మళ్లీ కొట్టుకున్నారు. భర్త "సెకండ్ హ్యాండ్ వద్దంటే విన్నావా" అంటున్నారు. అన్న "నువ్వు ఏవేవో డౌన్‌లోడ్ చేస్తున్నట్టున్నావు" అంటున్నాడు. పక్కా బిల్లు లేదు, వాట్సాప్‌లో పంపిన ఎస్టిమేట్ ఫోటో ఉంది, డబ్బు ఫోన్‌లో వేశారు. ఇక ఆమె ప్రశ్నలు: "దీన్ని ఉంచుకోవాలా, తిరిగి ఇచ్చేయాలా? అన్నను నొప్పించకుండా ఎలా అడగాలి? అసలు తప్పు నా వాడకంలోనే ఉందా?"

అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. తప్పు మీ వాడకంలో లేదు. టాలీ, బ్రౌజర్, పాపకు రైమ్స్ అనేవి ఎనిమిదో జనరేషన్ ఐ5కి, 16 జీబీ ర్యామ్‌కి బరువైన పనులు కావు. మీరు పొరపాటున ఏదైనా పనికిమాలిన సాఫ్ట్‌వేర్ వేసుకున్నారే అనుకుందాం, దానివల్ల మెషీన్ నెమ్మదిస్తుంది, ప్రకటనలు వస్తాయి. శబ్దంతో సహా మొత్తం బిగుసుకుపోవడం మాత్రం చాలావరకు లోపలి భాగాల వల్లో, వాటిని నడిపే డ్రైవర్లనే చిన్న ప్రోగ్రాముల వల్లో వచ్చేది. ఫార్మాట్ చేశాక కూడా అదే తిరిగొచ్చిందంటే అనుమానం ముందుగా పోవాల్సింది సామాను మీదికి, మీ మీదికి కాదు.

మిగతా విషయాలకు వెళ్లేముందు ఒక పని ఇవాళే చేయండి. దుకాణాల డేటా అంతా ఈ లాప్‌టాప్ బయట కూడా ఉండేలా చూసుకోండి. టాలీ ప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కితే డేటా మెనూ వస్తుంది, అందులో బ్యాకప్ ఉంది. రోజూ పని ముగించేముందు పెన్‌డ్రైవ్‌లోకి ఒక బ్యాకప్ తీసి, అదే ఫైలును గూగుల్ డ్రైవ్‌లో కూడా పెట్టండి. డీ డ్రైవ్‌లో దాచానులే అని ధీమాగా ఉండకండి. మీ మెషీన్‌లో ఉన్నది ఒక్క ఎస్‌ఎస్‌డీయే అయితే సీ, డీ రెండూ దాంట్లోవే. అది పోతే రెండూ పోతాయి. పైగా ఎంట్రీ కొడుతుండగా పవర్ బటన్‌తో ఆపిన ప్రతిసారీ ఆ కంపెనీ డేటా చెడిపోయే ప్రమాదం ఉంది. నెలనెలా వేసే రిటర్నుల్లో 11వ తేదీ జీఎస్టీఆర్-1, 20వ తేదీ 3బీ ఎవరి కోసమూ ఆగవు కదా. ఆ రెండు తేదీల ముందు పని కోసం తెలిసినవాళ్ల కంప్యూటర్ ఒకటి మాట్లాడి ఉంచుకోండి. ఈ లాప్‌టాప్ వ్యవహారం తేలేదాకా దాన్ని నమ్ముకుని గడువు రోజున కూర్చోవద్దు.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట "ఒక్కోసారి మౌసు కదులుతుంది, ఒక్కోసారి కదలదు" అన్నది. మీరూ, అన్నా, షాపువాళ్లూ రెంటినీ కలిపి హ్యాంగ్ అనేస్తున్నారు. ఇవి రెండు వేర్వేరు లక్షణాలు, బహుశా రెండు వేర్వేరు కారణాలు. ఒకటి సరిచేస్తే రెండోది మిగిలిపోయి, బాగు కాలేదని అనిపించే అవకాశం కూడా ఉంది. అందుకే విడదీసి చూద్దాం.

మౌసు కదులుతూ, నొక్కినవేవీ తెరుచుకోకుండా, కాసేపటికి అన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటున్నాయంటే ప్రాసెసర్ బతికే ఉంది, దేనికోసమో ఎదురుచూస్తోందన్నమాట. సాధారణంగా ఎదురుచూసేది ఎస్‌ఎస్‌డీ కోసమే. విండోస్ ఒక ఫైలు అడిగింది, ఎస్‌ఎస్‌డీ జవాబివ్వలేదు, మళ్లీ అడిగింది, చివరికి ఎప్పటికో ఇచ్చింది. అన్న "కొత్తది పెట్టించా" అన్నది నిజమే కావచ్చు. కానీ ఇలాంటి మెషీన్లలో చాలాచోట్ల ధర కలిసొస్తుందని పేరూ ఊరూ లేని ఎస్‌ఎస్‌డీలు వేస్తారు. కొత్తదైనంత మాత్రాన మంచిదని కాదు. దీన్ని మీరే కళ్లారా చూడొచ్చు. పని మొదలుపెట్టేముందే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ మీద నొక్కి ఓ పక్కన ఉంచండి. ఆగిపోయినప్పుడు అటు చూడండి. యాక్టివ్ టైమ్ 100 శాతం చూపిస్తూ, రీడ్, రైట్ వేగాలు సున్నా దగ్గర ఉండి, రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లకు పోయిందంటే దొంగ దొరికినట్టే. వెంటనే ఫోన్‌తో ఫోటో తీయండి.

రెండో రకం వేరు. మౌసు కూడా కదలకుండా, శబ్దం ఒకేచోట తిరుగుతోందంటే చాలావరకు ప్రాసెసరే ఆగిపోయి ఉంటుంది. సౌండ్ చిప్‌కు చివరగా అందిన చిన్న ముక్కనే అది మళ్లీ మళ్లీ వాయిస్తుంటుంది, మీరు వింటున్న "ట్ర్‌ర్‌ర్" అదే. అప్పుడు క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే లోపల ఇంకా ప్రాణం ఉంది, తెర మాత్రమే ఆగి ఉండొచ్చు. విండోస్ బటన్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, ఒక్కోసారి తెర తిరిగొస్తుంది. క్యాప్స్ లాక్ లైటు కూడా మారకపోతే పూర్తిగా బిగుసుకుపోయింది. దీనికి నా మొదటి అనుమానం ర్యామ్ మీద. అందులోనూ తర్వాత వేసిన ఆ రెండో 8 జీబీ మీద. రెండు కంపెనీల ర్యామ్‌లు కలిపి వేయడం తప్పేమీ కాదు, చాలా మెషీన్లలో హాయిగా నడుస్తాయి. కానీ ఆ రెండోది కూడా ఏ పాత మెషీన్‌లోంచో తీసినదైతే అదే పాడైపోయి ఉండొచ్చు. లేదా స్లాట్‌లో సరిగ్గా కూర్చోక, కార్గో ప్రయాణాల్లో ఇంకాస్త వదులై ఉండొచ్చు.

మరి ఫార్మాట్ చేస్తే పది రోజులు ఎందుకు బాగుంటోందని మీరు అడగొచ్చు. అన్న వాదనకు బలం అక్కడే ఉంది కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను. ఫార్మాట్ చేసినప్పుడు ఎస్‌ఎస్‌డీ దాదాపు ఖాళీ అవుతుంది. ఖాళీగా ఉన్నంతకాలం నాసిరకం ఎస్‌ఎస్‌డీ కూడా చురుగ్గానే ఉంటుంది, నిండే కొద్దీ తడబడుతుంది. ర్యామ్ సంగతీ అంతే. కొత్తగా వేసిన విండోస్‌లో ప్రోగ్రాములు తక్కువ, వాడుకునే ర్యామ్ తక్కువ. పాడైన చోటు పెద్దగా వాడకంలోకే రాదు. మీరు టాలీ వేసి, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచి పనిలో పడ్డాక అక్కడిదాకా వస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఫార్మాట్ చేసిన కొన్ని రోజులకు విండోస్ అప్‌డేట్ తనంతట తానే గ్రాఫిక్స్, వైఫై డ్రైవర్లు తెచ్చి వేస్తుంది. వాటిలో ఏదైనా ఈ మోడల్‌కు పడకపోతే అప్పటినుంచీ ఆగిపోవచ్చు. ఈ మూడింట్లో ఏదైనా సరే, మళ్లీ ఫార్మాట్ చేయడమంటే పైకప్పు కారుతుంటే గోడలకు సున్నం వేసుకోవడమే. కాబట్టి కారణం తేలేదాకా మూడోసారి ఫార్మాట్‌కు ఒప్పుకోకండి. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ మెషీన్‌లో నమోదైన ఆనవాళ్లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి.

ఆ ఆనవాళ్లు ఎక్కడుంటాయో చెబుతాను. స్టార్ట్ దగ్గర రిలయబిలిటీ అని టైప్ చేస్తే రిలయబిలిటీ హిస్టరీ వస్తుంది. రోజులవారీగా ఎక్కడెక్కడ ఆగిందో ఎర్రగుర్తులతో చూపిస్తుంది. ఇంకా లోతుగా చూడాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్. అక్కడ కెర్నల్ పవర్ 41 అని చాలా కనిపిస్తాయి, వాటిని చూసి కంగారు పడొద్దు. మీరు పవర్ బటన్‌తో ఆపిన సంగతిని అది రాసుకుంది అంతే, కారణం అది కాదు. మీరు వెతకాల్సింది ఆగిపోయిన సమయానికి కాస్త ముందు డిస్క్ పేరుతో 7 లేదా 153, స్టోర్‌ఏహెచ్‌సీఐ పేరుతో 129 నంబర్లు ఉన్నాయా అని. ఉంటే ఎస్‌ఎస్‌డీ, లేదా అది కూర్చున్న స్లాట్. డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ అనే పేరుతో ఎర్రర్లు ఉంటే ప్రాసెసర్, ర్యామ్, మదర్‌బోర్డుల్లో ఎక్కడో తేడా ఉంది.

ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చూడటానికి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. గుడ్, కాషన్, బ్యాడ్ అని రంగుతో చెబుతుంది. దాంట్లోనే పవర్ ఆన్ అవర్స్ అని ఒక వరుస ఉంటుంది. కొత్తదని ఇచ్చిన ఎస్‌ఎస్‌డీ వేల గంటలు తిరిగినట్టు చూపిస్తే అదీ ఫోటో తీసి పెట్టుకోండి. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, గుడ్ అని వచ్చినంత మాత్రాన ఎస్‌ఎస్‌డీ నిర్దోషి అని కాదు. చౌక రకాలు చచ్చేదాకా గుడ్ అనే చూపిస్తుంటాయి. అందుకే టాస్క్ మేనేజర్‌లో కనిపించేదే నాకు ఎక్కువ నమ్మకం.

ర్యామ్‌కు ఒక రాత్రి కేటాయించండి. ముందు మెషీన్‌లోనే ఉన్న పరీక్ష పెట్టండి. ఆన్ చేయగానే డెల్ అయితే ఎఫ్12 నొక్కి డయాగ్నస్టిక్స్, హెచ్‌పీ అయితే ఎస్కేప్ నొక్కి తర్వాత ఎఫ్2, లెనోవో అయితే మోడల్‌ను బట్టి ఎఫ్10 లేదా ఎఫ్12. ఇది విండోస్‌తో సంబంధం లేకుండా నడుస్తుంది కాబట్టి "నువ్వు ఏదో డౌన్‌లోడ్ చేశావు" అనే మాటకు ఇక్కడ చోటు లేదు. ఏదైనా ఫెయిల్ అయితే తెర మీద ఒక కోడ్ వస్తుంది, ఫోటో తీయండి. అంతా పాస్ అయినా వదలకుండా, పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రాం వేసుకుని రాత్రి పడుకునేముందు మొదలుపెట్టండి. ఉచిత వెర్షన్ నాలుగు విడతలు పరీక్షిస్తుంది, 16 జీబీకి గంటలు పడుతుంది. పొద్దున్నే తెర మీద ఒక్క ఎర్రర్ కనిపించినా చాలు. ర్యామ్ విషయంలో కొంచెం తప్పు, ఎక్కువ తప్పు అంటూ ఉండవు. రాత్రంతా నడిచేటప్పుడు మంచం మీద కాకుండా బల్ల మీద పెట్టండి, పాపకు అందకుండా.

వేడి గురించి. మీ ఆయన "మంచం మీద పెట్టి వాడకు" అంటున్నారని రాశారు. ఆ మాట వినడం మంచిదే. దుప్పటి కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, ఆ వైపు ఎండాకాలం సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. అయితే వేడెక్కిన లాప్‌టాప్ సాధారణంగా ముందు నెమ్మదిస్తుంది, మరీ వేడెక్కితే టక్కున ఆరిపోతుంది. మీది ఆరిపోవడం లేదు, బిగుసుకుపోతోంది. కాబట్టి వేడి ఒక్కటే కారణమని నేననుకోను. బలహీనంగా ఉన్న ర్యామ్‌నో, బోర్డు మీది అతుకునో వేడి బయటపెడుతుండొచ్చు. ఏళ్ల తరబడి వాడిన మెషీన్ కదా, ఫ్యాన్ దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ మార్చారో లేదో షాపును తప్పకుండా అడగండి.

ఛార్జర్‌ను కూడా అనుమానించాల్సిందే. ఒక పూట బ్యాటరీ మీదే పనిచేసి, ఇంకో పూట ఛార్జర్ పెట్టి అదే పని చేయండి. ఛార్జర్ పెట్టినప్పుడే ఆగుతోందా చూడండి. మీది డెల్ అయితే ఒక సంగతి తెలుసుకోవాలి. ఛార్జర్ తనదో కాదో డెల్ గుర్తుపడుతుంది. గుర్తుపట్టకపోతే ఆన్ చేయగానే హెచ్చరిక చూపించి, బ్యాటరీ ఛార్జ్ చేయడం మానేసి, ప్రాసెసర్ వేగం బాగా తగ్గించేస్తుంది. బాగున్న మెషీన్‌ను కూడా అది చెడిపోయినట్టు కనిపించేలా చేస్తుంది. ఛార్జర్ పెట్టి లాప్‌టాప్ మూత మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటోందా, మౌసు దానంతటదే గెంతుతోందా చూడండి. ఉంటే మూడు పిన్నుల ప్లగ్గుతో, ఎర్తింగ్ ఉన్న సాకెట్‌లో పెట్టి మళ్లీ చూడండి. చివరగా, మెషీన్ ఆపి మూత మూసి చదునైన బల్ల మీద పెట్టండి. నాలుగు మూలలూ సమంగా ఆనాలి. అటూ ఇటూ ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టున్నా, మూత సరిగ్గా పడకపోయినా బ్యాటరీ ఉబ్బిందన్న అనుమానం. అలా ఉంటే పైన చెప్పిన పరీక్షలేవీ వద్దు. ఛార్జ్ పెట్టకుండా, కార్గోలో వేయకుండా, ఎవరైనా స్వయంగా షాపుకు తీసుకెళ్లాలి.

రెండు పనులు మాత్రం చేయకండి. బయోస్, అంటే ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాంను, అప్‌డేట్ చేస్తే బాగవుతుందని ఎవరైనా చెప్పొచ్చు. ఉత్తప్పుడు మంచి సలహానే. కానీ ఎప్పుడు బిగుసుకుపోతుందో తెలియని మెషీన్‌లో బయోస్ మారుస్తుండగా ఆగిపోతే ఇక ఆన్ కూడా కాకపోవచ్చు. అలాగే సీల్ స్టిక్కర్ ఉంటే ఊళ్లో ఎవరిచేతా విప్పించకండి, అది చిరిగితే వారంటీ మాట ఎత్తనివ్వరు.

పరీక్షలయ్యాక మీ ముందు కొన్ని దారులుంటాయి. ర్యామ్‌లో తప్పు తేలితే ఇది తేలికగా తీరే సమస్య. ఆ రెండో 8 జీబీ తీసేసి ఒక్కదానితో నడిపి చూడమనండి. మీ పనికి 8 జీబీ కూడా సరిపోతుంది, కాస్త నెమ్మదిస్తుందంతే. అయినా 16 అని డబ్బు తీసుకున్నారు కాబట్టి బాగున్నది వేసి ఇవ్వడం వాళ్ల బాధ్యత. ఎస్‌ఎస్‌డీలో తప్పు తేలితే పేరున్న కంపెనీది వేయమని అడగొచ్చు. తేడా డబ్బు కొంత మీరు భరిస్తామంటే షాపు త్వరగా ఒప్పుకుంటుంది. పని నిలిచిపోవడం కంటే అది మేలని మీకనిపిస్తే అలా చేయండి, కానీ అలా ఇచ్చిన డబ్బుకు బిల్లు, ఆ ఎస్‌ఎస్‌డీకి కంపెనీ వారంటీ మీ పేరున రావాలి.

రెండూ బాగున్నాయని తేలి, ఇంకా ఆగుతూనే ఉంటే ఒక పరీక్ష మిగులుతుంది. విండోస్‌కు బదులు వాడే ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై ఉబుంటు అని పెట్టి, వీడియో నడుపుతూ ఒక పూట వదిలేయండి. అందులో విండోస్ ఉండదు, ఎస్‌ఎస్‌డీ వాడకమూ ఉండదు. అందులో కూడా బిగుసుకుపోతే బోర్డులోనో, వేడిలోనో ఉంది తప్పు. ఎంతసేపు నడిచినా ఆగకపోతే విండోస్ డ్రైవర్ల మీద అనుమానం, అప్పుడు లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్లు వేస్తే సరిపోవచ్చు.

బోర్డు అని తేలితే మాత్రం నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. రిపేరుకు ఒప్పుకోకండి. బోర్డు వేడిచేసి అతికించి పంపితే వారంటీ గడువు దాటేదాకా నడిచి తర్వాత ఆగిపోయే అవకాశమే ఎక్కువ. మెషీన్ మార్చి ఇమ్మనండి, లేదా డబ్బు వెనక్కి అడగండి. మార్చి ఇస్తే వచ్చేదీ పాతదే కాబట్టి, తీసుకునేముందు ఇవే పరీక్షలు షాపులోనే పెట్టించాలి. ప్రాసెసర్ పేరులో ఐ5 పక్కన అంకె 8తో మొదలవుతోందా చూడండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది. ఏడో జనరేషన్ మెషీన్‌లో ఎలాగోలా 11 ఎక్కించి ఇస్తే తర్వాత ఇబ్బంది మీకే. బయోస్‌లో పాత ఆఫీసు పాస్‌వర్డ్ మిగిలి లేదు కదా అని కూడా తెరిపించి చూడండి.

ఇక అన్న సంగతి. మీరు దీన్ని మీకూ అన్నకూ మధ్య తగవుగా చూస్తున్నారు. కానీ ఉత్తరం చదివితే నాకు ఆయన స్థితి కూడా అర్థమైంది. షాపు ఆయనది కాదు, అక్కడ జీతానికి చేస్తున్నాడు. ర్యామ్ మార్చాలన్నా, మెషీన్ మార్చాలన్నా యజమాని ఒప్పుకోవాలి. "మా చెల్లి హ్యాంగ్ అవుతోందంటోంది" అని వెళ్లి చెబితే యజమాని ఫార్మాట్ చేసివ్వు అంటాడు, అది ఖర్చు లేని పని కనుక. ఆయనా అదే చేస్తున్నాడు. చేతిలో ఇంకేమీ లేక, మీరు డౌన్‌లోడ్‌లు చేస్తున్నారని తనకు తానే సర్దిచెప్పుకుంటున్నాడు. మీరు తీసే ఫోటోలు ఆయన మీద సాక్ష్యం కాదు, ఆయన తన యజమాని ముందు పెట్టుకోవడానికి ఆయనకు కావలసిన ఆధారం. ఆ మాట ఆయనకు అర్థమయ్యేలా రాస్తే నొప్పించినట్టు ఉండదు. ఉదాహరణకు ఇలా పంపొచ్చు:

"అన్నా, లాప్‌టాప్ మళ్లీ ఆగుతోంది. ఈసారి నేనే రాత్రంతా మెమరీ టెస్ట్ పెట్టిన. ఎర్రర్లు వచ్చినయి, ఫోటోలు పంపుతున్న. మీ సారుకు చూపించు. ఫార్మాట్ వద్దు, లెక్కలు మళ్లీ పోతే దుకాణాలోళ్లకు జవాబు చెప్పలేను. రెండో ర్యామ్ మార్పించు. వారంటీ ఉండంగనే అయితే నీకు కూడా మాట రాదు. బిల్లు కూడా సీరియల్ నంబర్ వేసి పంపించమను."

ఇది వాట్సాప్‌లోనే పంపండి. ఫోన్‌లో మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, కానీ ముందు ఇది వెళ్లాలి. వారంటీ ఉండగానే మీరు చెప్పారనడానికి తేదీతో సహా రుజువు మిగులుతుంది. తర్వాత అన్న ఆ ఉద్యోగం మానేసినా మీ మాట నిలబడుతుంది. పెద్దమ్మ దాకా ఇప్పుడే తీసుకెళ్లొద్దని నా సలహా. ఒకసారి ఇంటి మాట అయ్యాక ర్యామ్ ముక్క సంగతి పక్కకుపోయి, ఎవరు ఎవరిని నమ్మలేదన్న దగ్గరికి చేరుతుంది. ఫోటోలు పంపాక కూడా రెండు వారాలు ఏమీ కదలకపోతే అప్పుడు నేరుగా యజమానితో మీరో, మీ ఆయనో మాట్లాడండి. అన్నకు ముందే చెప్పి మాట్లాడండి.

యజమాని కూడా కాదంటే చట్టం మీ వైపు ఉంది. పక్కా బిల్లు లేకపోయినా మీరు డబ్బు వేసిన రికార్డు, ఎస్టిమేట్ ఫోటో, ఈ మెసేజ్‌లు ఉపయోగపడతాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. చాలామంది షాపువాళ్లు అక్కడి నుంచి ఫోన్ రాగానే దిగివస్తారు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉన్న చోటే, అంటే కరీంనగర్‌లోనే కేసు వేయొచ్చు, సికింద్రాబాద్ తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. "వ్యాపారానికి వాడుకుంటున్నావు, నువ్వు వినియోగదారువి కాదు" అని ఎవరైనా అనొచ్చు. సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొన్న వస్తువు అయితే చట్టం మిమ్మల్ని వినియోగదారుగానే చూస్తుంది. కానీ ఈ దారికి నెలలు పట్టొచ్చు. అన్నకు ఆ షాపులో ఇబ్బంది తప్పదు. 21 వేల కోసం అంతదూరం వెళ్లాలా లేదా అన్నది మీ ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. వెళ్తే తప్పని గానీ, ఊరుకుంటే తప్పని గానీ నేననను.

మీ ఆయన మాటకు వస్తే, పాత లాప్‌టాప్ కొనడం మీ తప్పు కాదు. ఆఫీసుల్లో వాడినవి గట్టివే ఉంటాయి, లక్షణంగా ఏళ్లపాటు నడిచేవీ చాలా ఉన్నాయి. ఈ పరీక్షల్లో ఆయన్నూ కలుపుకోండి. రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టే పని ఆయనకు అప్పగించండి.

మెషీన్ షాపుకు పంపే రోజున ఇంకొన్ని జాగ్రత్తలు. టాలీ లైసెన్సు మీదైతే ముందు సరెండర్ చేయండి, అంటే ఈ మెషీన్ నుంచి విడిపించుకోండి, లేకపోతే ఇంకో కంప్యూటర్‌లో మొదలుపెట్టడానికి తిప్పలు పడతారు. బ్రౌజర్‌లో దాచుకున్న దుకాణాల జీఎస్టీ పాస్‌వర్డులన్నీ తీసేయండి. అవి మీవి కావు, మిమ్మల్ని నమ్మి ఇచ్చినవాళ్లవి. కింది స్టిక్కర్ మీది సీరియల్ నంబర్ ఫోటో తీసిపెట్టుకోండి, తిరిగొచ్చాక అదే మెషీనో కాదో పోల్చుకోవడానికి. కుదిరితే ఈసారి కార్గోలో కాకుండా మీరే వెళ్లి, ర్యామ్ మార్చాక అక్కడే ఒక పూట కూర్చుని టాలీ, వీడియో రెండూ నడిపించి చూసి తెచ్చుకోండి.

పరీక్షల తర్వాత ఏం తోచకపోతే మళ్లీ రాయండి. రాసేటప్పుడు లాప్‌టాప్ మోడల్ పేరు, ఎస్‌ఎస్‌డీ మీద ఉన్న పేరు, టాస్క్ మేనేజర్ ఫోటో, ఆగిపోయినప్పుడు క్యాప్స్ లాక్ లైటు మారిందా లేదా అన్నది తప్పకుండా జతచేయండి.